అత్తయ్యకి పదికి మూడు

మా అత్తయ్య చూడామణి గారికి మతిమరుపు వచ్చిందని ఇంట్లో మొట్టమొదట కనిపెట్టింది నేనే. నేను ఇంటర్ మధ్యలో ఆపేసినదాన్నే గానీ, కంగారు పడటంలో మాత్రం పెద్ద చదువే చదివాను.

ఊరికే అనలేదండి. సోమవారం కళ్ళజోడు బియ్యం డబ్బాలో దొరికింది. బుధవారం టీవీ రిమోటు ఫ్రిజ్‌లో పెరుగు గిన్నె పక్కన చల్లగా పడుకుని ఉంది. శుక్రవారం పాల ప్యాకెట్టు బీరువాలో పట్టుచీరల మధ్య పగిలింది. ఎవరు పెట్టారని అడిగితే ప్రతిసారీ అత్తయ్యే, "నేనేలేవే, ఏదో ధ్యాసలో" అనేవారు.

ఆగిపోయిన ఇంటర్ మళ్ళీ కడదామని నందిగామలో ఆదివారం క్లాసులకి అప్పుడే పేరిచ్చాను. మూడేళ్ళ పాపని అత్తయ్య దగ్గర వదిలి వెళ్ళాలి. రిమోటుని ఫ్రిజ్‌లో పెట్టిన మనిషి పాపని ఎక్కడ పెడతారో!

"అమ్మకి మతిమరుపా? నా పదో తరగతి మార్కులు ఇప్పటికీ సబ్జెక్టువారీగా చెప్పి మరీ తిడుతుంది," అన్నారు మా ఆయన ప్రద్యుమ్న.

"పాతవి గుర్తుంటాయటండీ. కొత్తవే జారిపోతాయట."

"మంచిదేగా. నిన్న నువ్వు పెట్టిన సాంబారు మర్చిపోతుంది."

ఈయనతో పని కాదని, పెద్దవాళ్ళ మతిమరుపు గురించి ఇంట్లోవాళ్ళకి నందిగామలో ఒకరోజు శిక్షణ ఇస్తున్నారంటే, పాపని చంకనేసుకుని జగ్గయ్యపేటలో బస్సెక్కాను. అత్తయ్యకి మాత్రం కుట్టు మెషిన్ల ఎగ్జిబిషన్ అని చెప్పాను.

జాయిస్ అనే నర్సమ్మ గారు చాలా ఓపికగా చెప్పారు. రెండు పేజీలు రాసుకున్నాను. "ఇంట్లో మీరు పరీక్షలు పెట్టకండి, గమనించండి చాలు. పరీక్షలు డాక్టర్లు పెడతారు," అని కూడా అన్నారట. సరిగ్గా అప్పుడే పాప నా పెన్ను లాక్కుంది.

మర్నాడు పొద్దున్నే కాగితం, పెన్ను పట్టుకుని పరీక్ష పెట్టాను.

అత్తయ్య గోరుచిక్కుళ్ళు విరుస్తున్నారు. మావయ్య కామేశం గారు ఎదురుగా పడక్కుర్చీలో పేపరు చదువుతున్నారు.

"అత్తయ్యా, మూడు మాటలు చెబుతా, గుర్తుపెట్టుకోండి. చివర్లో అడుగుతా. బెండకాయ, గొడుగు, లారీ."

"ఎందుకే?"

"పాపకి నేర్పుదామనీ..."

"పాపకి నేర్పేది నాకెందుకు చెబుతున్నావే?"

నేను తడబడకుండా రెండో ప్రశ్నకి దూకాను. "ఈరోజు ఎంత?"

"ఏకాదశి."

"తేదీ అండీ."

"ఏకాదశి అన్నాగా."

అర మార్కు.

"మావయ్య గారి పేరు?"

అత్తయ్య తల వంచుకుని ఒక చిక్కుడుకాయ విరిచారు. "ఎదురుగానే ఉన్నారుగా, అడుగు."

సున్నా.

"పోనీ, పాప పేరు?"

"బుజ్జిముండ."

"అసలు పేరండీ."

"మీరేగా పెట్టుకున్నారు, మీరే పిలుచుకోండి."

సున్నా పక్కన ఇంకో సున్నా. పది ప్రశ్నలూ అయ్యాక మొత్తం కూడితే పదికి మూడు. నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. క్లాసులు గోవిందా.

పోలికకి ఉంటుందని మావయ్యనీ అడిగాను. "నిన్న ఏం కూర తిన్నారు మావయ్యా?"

ఆయన అత్తయ్య వైపు చూశారు. "దొండకాయేగా, కారం తగ్గిందన్నారు," అన్నారు అత్తయ్య.

"ఆఁ, దొండకాయ. కారం తగ్గింది," అన్నారు మావయ్య దర్జాగా.

మిగతా తొమ్మిదీ ఇలాగే చెప్పారు. పదికి పది! బంగారం లాంటి మనిషి. లేచి పాపని వేలు పట్టుకుని వాకిట్లోకి తీసుకెళ్ళారు.

మా ఆయన మార్కుల కాగితం చూసి పడీపడీ నవ్వారు. "మా అమ్మ ఏనాడైనా నాన్న పేరు పలకడం విన్నావా? పాపకి సౌభాగ్య అని ఎవరి పేరు పెట్టాం? మా నాయనమ్మ సౌభాగ్యమ్మ పేరు. అమ్మ తన అత్తగారి పేరెత్తుతుందా? నువ్వడిగిందే తప్పయితే, ఆవిడకి సున్నా వేస్తావా?"

ఉక్రోషంతో నా నోట్సు తిరగేశాను. రెండో పేజీ చివర నా చేత్తోనే రాసి ఉంది: 'ఏదైనా అడిగితే, జవాబు కోసం తల తిప్పి పక్కవాళ్ళ వైపు చూస్తున్నారేమో గమనించాలి.'

మావయ్యకి పది ప్రశ్నలు. పదిసార్లూ తల తిప్పారు. పది మార్కులూ అత్తయ్యవే.

"అత్తయ్యా... ఆ రిమోటు? పాల ప్యాకెట్టు?"

వాకిలి మీంచి చూపు తిప్పకుండానే అన్నారావిడ. "మీ మావయ్యవే ఆ పనులు. ముప్పై ఏళ్ళు పిల్లలకి లెక్కలు చెప్పిన మనిషే. కోడలి ముందు చిన్నబోతారని నా మీద వేసుకున్నా."

మా ఆయన నవ్వు ఆగిపోయింది. "ఇంక దాచకూడదు అత్తయ్యా. డాక్టరుకి చూపిద్దాం," అన్నాను.

"చూపిద్దాం. నీ కుట్టు మెషిన్ల వాళ్ళు డాక్టరు అడ్రసు కూడా ఇచ్చారా?"

నేను నోట్సు కొంగు చాటున దాచాను.

"క్లాసులకి వెళ్ళు. తాతనీ మనవరాలినీ ఒక కంట నేను కనిపెడతాలే. అన్నట్టు, చివర్లో అడుగుతానన్నావుగా? ఆ మూడు మాటలేమిటో నువ్వు చెప్పు."

"బెండకాయ... గొడుగు..."

మూడోది ఎంతకీ రాలేదు. మెల్లిగా తల తిప్పి మా ఆయన వైపు చూశాను.

అత్తయ్య నా చేతిలోంచి పెన్ను తీసుకున్నారు.