అవతలి ఒడ్డు సర్వే

ఒక పెద్ద అడవిలో నక్క గవరయ్య తోక పోయింది. కొరికింది మొసలే అయినా, తప్పు మాత్రం గవరయ్య చేసిన సర్వేదే.

ఆ ఏడు వానల్లేక ఏటికి ఇవతల మేత ఎండిపోయింది. అవతల పచ్చగానే ఉంది. నడుమ ఏట్లో మొసలి ఉంది. అందరూ దాటవచ్చో లేదో తేల్చమని సింహం గవరయ్యకి పని అప్పగించింది.

గవరయ్య చదువుకున్నవాడు. కాళ్ళు తడవకుండా ఏనుగు వీపెక్కి అవతలికి వెళ్ళాడు. నేరేడు నీడలో కూర్చుని, అప్పటికే ఏరు దాటి వచ్చినవాళ్ళందరినీ పిలిచి ఒకటే ప్రశ్న అడిగాడు.

"దారిలో ఇబ్బందేమైనా పడ్డారా?"

"లేదండీ" అంది దుప్పి.

"నీళ్ళు కాస్త చల్లగా ఉన్నాయి, అంతే" అంది కుందేలు.

మళ్ళీ ఏనుగెక్కి వచ్చి కొలువులో ప్రకటించాడు. "నూటికి నూరుమందీ క్షేమం! మొసలి మీద ఒక్క ఫిర్యాదూ లేదు."

కొలువంతా చప్పట్లు కొట్టింది. అడవిపంది నూకాలు కొట్టలేదు. ఆమె వెనక ముగ్గురు పిల్లలు ఆకలికి గీపెడుతున్నారు. ఏరు దాటితే వాళ్ళ కడుపు నిండుతుంది. సర్వే అబద్ధమైతే వాళ్ళే మిగలరు.

"గవరయ్యా, మా చెల్లెలు పైడమ్మ మొన్న ఏరు దాటుతానని వెళ్ళింది. ఆవిడేమంది?"

"ఆవిడ అక్కడ లేదమ్మా."

"ఇక్కడా లేదు కదయ్యా!"

"అందుబాటులో లేనివాళ్ళ అభిప్రాయం ఎలా తీసుకుంటాం నూకాలమ్మా? సర్వేకి ఒక పద్ధతుంటుంది."

"ఏం పద్ధతి నీ మొహం! ఒడ్డు చేరినవాళ్ళని అడిగితే చేరామనే చెప్తారు. ఇక్కణ్ణించి ఎవరెవరు బయల్దేరారో అడిగావా? వాళ్ళలో అక్కడ ఎవరు లేరో చూశావా?"

"ఈవిడకి అన్నీ అనుమానాలే" అని మూలనించి ఎలుగు గొణిగింది.

సింహం ఆవులించింది. "వాదనలెందుకు? గవరయ్యా, సర్వే నీది. ముందు నువ్వే దిగు."

"చిత్తం ప్రభూ. ఏనుగుని పిలవండి..."

"నూటికి నూరుమంది క్షేమమంటే మళ్ళీ ఏనుగెందుకోయ్?"

గవరయ్య దిగాడు. కాసేపటికి అవతలి ఒడ్డు చేరాడు. తోక చేరలేదు.

దుప్పి ఎదురొచ్చి మర్యాదగా అడిగింది. "బావగారూ, దారిలో ఇబ్బందేమైనా పడ్డారా?"

గవరయ్య వెనక్కి తిరిగి చూసుకున్నాడు. ఔనంటే సర్వే తప్పవుతుంది.

"నేను క్షేమమే" అన్నాడు. "తోక అందుబాటులో లేదు."

ఇవతల నీళ్ళలో పెట్టిన కాళ్ళన్నీ చటుక్కున వెనక్కి వచ్చాయి. నూకాలు అప్పటికే పిల్లల్ని తోలుకుని ఎగువకి బయల్దేరింది. అక్కడ ఏరు బండల మధ్య గిట్టలు తడిసేంతే పారుతుంది, మొసలి ఈదలేదు. చాలా చుట్టుదారి. కాసేపటికి అడవంతా ఆమె వెనకే నడిచింది. సింహం కూడా, ఊరికే షికారు వచ్చినట్టు మొహం పెట్టుకుని.

దారిలోనే నూకాలు ఒకటి నిశ్చయించుకుంది. ఎక్కడ ఎంత బాగుందని ఎవరు చెప్పినా, వెళ్ళి తిరిగిరానివాళ్ళ ఇంటికి ముందు వెళ్ళి కనుక్కోకుండా అడుగు కదపకూడదని. బతికినంతకాలం కదపలేదు.

నీతి: మొసలి మీద ఇప్పటికీ ఒక్క ఫిర్యాదూ లేదు.