సైలెన్సరుకు జొన్నపిండి అతుకు

ఆదివారం పొద్దున తిరుపాల్ పెట్టుకున్న పని ఒక్కటే: ఎమ్మిగనూరు వెళ్లి, అలిగి పుట్టింటికి చేరిన భార్య సుధను ఆదోనికి తీసుకురావడం. అలకకు కారణం పాత కారు. దాని సైలెన్సరుకు బొక్కపడింది. "ఆ సప్పుడన్నా ఉండాల, నేనన్నా ఉండాల" అని సుధ సంచీ సర్దుకుంది.

బండి ఎంత అరిస్తే అంత బలమని తిరుపాల్ నమ్మకం. కారేమో గొంతు పెంచేకొద్దీ నడక తగ్గించింది. ఎత్తు వస్తే సైకిళ్లు కూడా దాటిపోయేవి. చివరికి మెకానిక్ మంజునాథ్‌కు ఫోన్ చేశాడు.

"బొక్కలోంచి పొగంతా పోతాంటే ఇంజనుకు బలం యాడుంటాదన్నా? అతుకు ఏయాల. ఈ పొద్దు అంగడి లేదు, రేపు సూస్తా."

రేపటికి అలక ఇంకా ముదురుతుంది. తిరుపాల్ చూపు వంటింట్లో పడింది. రాత్రి రొట్టె కోసం తాను కలిపిన జొన్నపిండి, ఎవరూ తినలేనంత గట్టిగా, పళ్లెంలో పడి ఉంది. దాన్ని బొక్కకు మెత్తి, తడిగోనె చుట్టి, తీగ బిగించాడు. కారు స్టార్టయింది కానీ గొంతెత్తలేదు. పైగా పరుగెత్తింది కూడా.

దారిలో ముద్ద కాలి కమ్మటి వాసన లేచింది. ఎమ్మిగనూరు వీధికుక్కలు మొరగడం మరిచి, తోకలాడిస్తూ వెంటపడ్డాయి.

అత్తగారి ఇంటి ముందు కారు నిలిపాడు. మళ్లీ స్టార్టవుతుందన్న భరోసా లేక ఇంజను ఆపలేదు. లోపలి మాటలు వినబడ్డాయి.

"నీళ్లు కూడా ముట్టలేదని ఆయప్పకు ఫోన్ల సెప్పినా మా," అంటోంది సుధ ఉగ్గాని నములుతూ. "ఇంకో బజ్జీ ఎయ్యి."

"ఈ పొద్దు అల్లుడు వస్తాడేమోనే," అంది తల్లి కమలమ్మ.

"రానీ. ఆ కారు సప్పుడు ఊరి బయటే ఇనపడుతాది. ఇనపడంగానే ముసుగుతన్ని పండుకుంటా. బాగా బతిమాలించుకోనే లేస్తా."

తిరుపాల్ గడపలో నిలబడ్డాడు. "ముసుగు తెచ్చియ్యనా?"

సుధకు పొలమారింది. "దొంగ మాదిరి సప్పుడు లేకుండా వచ్చేది ఏం పద్ధతయ్యా!"

"తిను నాయనా," అంటూ కమలమ్మ బజ్జీల పళ్లెం అల్లుడి ముందుకు జరిపింది.

"నీకోసరమే అతుకు ఏపిచ్చినా," అని తిరుపాల్ ఛాతీ విరుచుకున్నాడో లేదో, బయట ఢామ్మంది. ముద్ద ఊడిపడింది. కారు పాత గొంతుతో గర్జించింది. వీధి వీధంతా బయటికొచ్చింది. కుక్కలు మాడిన ముద్ద మీద పడ్డాయి.

సుధ తొంగిచూసి, అది జొన్నపిండి ముద్దని గుర్తుపట్టింది. "నువ్వు కలిపిన పిండి తినేవాళ్లు కూడా ఉండారా?" అని పొట్ట పట్టుకుని నవ్వింది. ఆ నవ్వు వినగానే తిరుపాల్ ప్రాణం కుదుటపడింది. ఇద్దరి గుట్టూ రట్టయ్యాక ఇక అలకకు చోటేది? సాయంత్రానికి సంచీ కారెక్కింది.

మరునాడు మంజునాథ్ అతుకు వేయడానికి వస్తే సుధ వాకిట్లోనే అడ్డం నిలబడింది. "ఆ బొక్క అట్లే ఉండనీ అన్నా. ఈయప్ప వచ్చేది నాకు ముందే తెలియాల."

ఇప్పుడు ఆ చప్పుడు గురించి ఇరుగుపొరుగు ఎవరైనా నోరెత్తితే, పోట్లాటకు వెళ్లేది సుధే.