మెలితిరగని నిచ్చెన

ఆ ఉదయం స్నానం చేస్తూనే రామలింగయ్య అయ్యవారు తన పేరు జిల్లా అంతా మోగటం ఊహలోనే విన్నారు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడి ఆరేళ్లయింది. గిద్దలూరు ఇంకా కర్నూలు జిల్లాలోనే ఉంది. పదిగంటలకు అయ్యవారు సైన్సు చెప్పే హైస్కూలు తనిఖీకి ఇన్‌స్పెక్టర్ కరుణాకరం వస్తున్నారు. పాఠ్యపుస్తకంలో లేని డీఎన్ఏ గురించి చెప్పి ఆయన చేత ముక్కున వేలేయించాలని అయ్యవారి పథకం. ఏదో పత్రికలో వచ్చిన వ్యాసం సగం చదివి, మిగతాది తనకు తెలిసిందేనని మూసేసిన మనిషి ఆయన.

పాఠంలో చూపే డీఎన్ఏ బొమ్మ కోసం వారం ముందే వడ్రంగి వీరాచారికి పని పురమాయించారు. ఆరడుగుల నిచ్చెన, మెలితిరిగి ఉండాలి. ప్రతి మెట్టూ రెండు ముక్కలు. ఒక ముక్క ఎరుపైతే ఎదుటిది ఆకుపచ్చ, ఒకటి నీలమైతే ఎదుటిది పసుపు. ఎందుకని ఆచారి అడిగితే, ప్రాణుల కణాల్లో ఉండేది ఇదేననీ, మొద్దులు చెక్కేవాడి బుర్రకు అది ఎక్కదనీ చెప్పి పంపేశారు.

తొమ్మిదింటికి నిచ్చెన బడికి వచ్చింది. రంగులన్నీ చెప్పినట్టే ఉన్నాయి. నిచ్చెన మాత్రం నిటారుగా ఉంది.

"ఏంది ఆచారీ ఇది? మెలిక ఏదీ?"

"ముప్పై ఏండ్ల నుంచి నిచ్చెనలు చేస్తాండా అయ్యవారూ. వంకర నిచ్చెన చేసినానంటే రేపు నా కాడికి ఎవురొస్తారు? మీరేదో తొందరలో చెప్పినారని నేనే సరిచేసినా."

అయ్యవారు పంచె ఎగగట్టి, తానే మెలితిప్పటానికి పూనుకున్నారు. ఒక కొస బంట్రోతు యల్లయ్యకిచ్చి, రెండో కొస తాను పట్టుకున్నారు. ఆచారి వద్దంటున్నా వినలేదు. మెట్లన్నీ నడిమి అతుకుల దగ్గర ఊడి, నిచ్చెన నిలువునా రెండయింది.

అప్పుడే జీపు వచ్చి ఆగింది. అయ్యవారు ఒక సగాన్ని తరగతి గోడకు ఆనించి, రెండోదాన్ని ఎక్కడైనా దాచమన్నారు. యల్లయ్య దాన్ని వెనక వసారాలో పడేశాడు. అక్కడ ఇన్‌స్పెక్టరుకు కాఫీ కాస్తున్న మల్లమ్మ, మంచి ఎండుకట్టె దొరికిందని పొయ్యిలో పెట్టేసింది.

ఆ కాఫీ తాగుతూనే కరుణాకరం పాఠం విన్నారు. పిల్లలకు తల్లిదండ్రుల పోలికలు ఎలా వస్తాయో, ఒంటి తీరుతెన్నులన్నీ ఈ మెట్ల వరసలోనే ఎలా రాసి ఉంటాయో అయ్యవారు గొంతెత్తి చెప్పారు. సగమే ఉందేమని ఆయన అడిగితే, కణం రెండయ్యేటప్పుడు ఇదీ ఇట్లాగే చీలుతుందని తడుముకోకుండా చెప్పారు. ఆ మాట నిజమేనని అయ్యవారికే తెలియదు.

"మరి కొత్త కణానికి మొత్తం నిచ్చెన ఎలా వస్తుంది?"

అది వ్యాసంలో చదవని భాగం. అయ్యవారు పైకప్పు చూశారు. సుద్దముక్క విరిచారు. చివరకు దైవసంకల్పమన్నారు.

తన పనితనం సగం పొయ్యిపాలై, సగం అవిటిదై గోడకు ఆనుకోవటం చూడలేక, వాకిట్లో ఉన్న ఆచారి లోపలికి వచ్చాడు.

"దేవుడెందుకు సామీ? ఈ పక్క ఎరుపుంటే ఆ పక్క ఆకుపచ్చే గదా. నీలముంటే పసుపే. దీన్ని చూసుకుంటా పోతే ఆ సగం అదే వస్తాది. ఆ సగం మిగిలుంటే, దాన్ని చూసి ఇట్లాంటిది ఇంకోటి చేసుందును. ఒక నిచ్చెనకు రెండయ్యేటివి."

కరుణాకరం గ్లాసు కింద పెట్టారు. కణం చేసే పని అచ్చంగా అదేననీ, ఇంత తేటగా తాను చదివిన పుస్తకాల్లో కూడా లేదనీ అన్నారు. ఆచారిని కుర్చీలో కూర్చోబెట్టి, పిల్లలకు మరోసారి చెప్పమన్నారు. అయ్యవారు సగం నిచ్చెన పట్టుకుని పక్కన నిలబడ్డారు.

మరుసటి నెల వచ్చిన ఉత్తర్వులో ఆ బడి సైన్సు బోధనను మెచ్చుకున్నారు. రామలింగయ్యగారికి ఇకమీదట డ్రిల్లు పీరియడ్లు ఇవ్వమన్నారు.