ఆరు దిక్కుల హద్దులు

ఆ శనివారం పొద్దున గాబ్రియేలు పెట్టుకున్న పని చాలా చిన్నది. చాయ్ తాగాలి, మెదక్ బస్టాండు దగ్గరి తన టైల్స్ దుకాణం షట్టర్ ఎత్తాలి, పది గంటలకు అజ్మాన్‌లో ఉన్న జియాకు వీడియో కాల్ చేయాలి. సముద్రం వైపు కిటికీ ఉన్న ఒంటిగదిని కళ్లారా ఒకసారి చూసి, బేరం ఖాయం చేసే బయానా డబ్బు పంపేయాలి. ఆ దేశంలో కొన్నిచోట్ల బయటివాళ్లు కూడా ఇల్లు కొనుక్కోవచ్చని చెప్పింది జియానే. అతనూ మెదక్‌వాడే. అక్కడ ఇళ్లు అమ్మిపెట్టే పనిలో ఉన్నాడు.

గాబ్రియేలుకు ఏదో ఒక గది అయితే సరిపోదు. ఒకప్పుడు అజ్మాన్‌లో టైల్స్ పనికి పోయినప్పుడు, ఆ గది ఉన్న భవనం తొమ్మిదో అంతస్తులో నేలంతా అతను మోకాళ్ల మీద కూర్చుని పరిచినదే. పని ముగిసిన మర్నాడు ముందు తలుపులోంచి లోపలికి పోబోతే, వాచ్‌మన్ అతని భుజం పట్టుకుని వెనక్కి తిప్పాడు. ఆ అంతస్తులో ఒక్క గది తాళంచెవి తన జేబులో ఉండాలన్న కోరిక ఆనాటిది. భార్య నవోమి ఆ కోరికను చూసి ఎప్పుడూ నవ్వలేదు. టేక్మాల్‌లో తన పేరు మీదున్న పొలం అమ్ముదామంటే సంతకం చేసింది కూడా.

చాయ్ గ్లాసు సగం కాకముందే ఇంద్రకరణ్ వచ్చాడు. అతను చుట్టుపక్కల భూముల బేరాలు కుదురుస్తాడు. గాబ్రియేలుకు పాత దోస్తు.

"బయానా ఇయ్యాల్నే పంపుతవా? మరి పక్కోళ్లను అడిగినవా?"

"ఏ పక్కోళ్లను?"

"హద్దుదార్లను! మన దిక్కు జాగ అమ్మకానికి వస్తే ముందుగాల పక్కోన్ని అడగాలె. నాకొద్దు అని వాడంటేనే బయటోడు కొనాలె. కుల్చారంల అడగకుండ కొన్నోడు గిప్పటికీ కోర్టు సుట్టూ తిరుగుతుండు."

"అన్నా, అది కుల్చారం కాదు" అంది నవోమి. "ఏమయ్యా, నువ్వు ముందు బయానా పంపు. ఎవర్నడుగుతవో తర్వాత అడుగు."

"పరాయి దేశం గాబట్టే చెప్తున్న చెల్లె. రేపు ఆడ పంచాయితి వడ్తే మాట్లాడనీకి నువ్వు పోతవా, నేను పోతనా?"

గాబ్రియేలు భుజం తడుముకున్నాడు. మళ్లీ ఎవరూ తనను ఆ తలుపు దగ్గర ఆపకూడదు. ఫోన్‌ను చక్కెర డబ్బాకు ఆనించి కాల్ చేశాడు.

జియా అప్పటికే గదిలో ఉన్నాడు. అమ్మే ఆవిడ లెబనాన్ టీచరమ్మ. సొంత దేశానికి వెళ్లిపోతోంది. గొడవలంటే పడక, గది అమ్ముతున్న సంగతి అంతస్తులో ఎవరికీ చెప్పలేదు.

"చూసినవా అన్నా, సముద్రం?" అన్నాడు జియా.

"చూసిన గానీ తమ్మీ, హద్దులు చెప్పు."

"హద్దులా? పడమటికి సముద్రం, నడుమల గాలి. తూర్పుకు వరండా. దక్షిణానికి లిఫ్ట్. ఉత్తరం గోడ అవుతల కేరళ నర్సమ్మ సొంత గదిల ఉంటది."

ఇంద్రకరణ్ ఫోన్ మీదికి వంగాడు. "లిఫ్ట్ ఎవరిది?"

"బిల్డింగోళ్లది."

"అయితే వాళ్లను పిలువు. మరి మీద ఎవరు? కింద ఎవరు?" తన బేరాలలో ఇన్నేళ్లూ దొరకని రెండు కొత్త దిక్కులు దొరికినందుకు అతని మొహం వెలిగిపోయింది.

"అన్నా, ఈడ గట్లెవ్వరు అడగరే" అని జియా గింజుకున్నాడు.

"జర అడుగు తమ్మీ, నా తృప్తికి" అన్నాడు గాబ్రియేలు.

జియా పై అంతస్తుకు పోయి తలుపు తట్టాడు. తువ్వాలు కట్టుకున్న ఫిలిప్పీన్స్ అతను తలుపు తీశాడు. కింది గది గురించి అనేసరికి, తన స్నానాల గది కారుతోందని నేరం మోపడానికి వచ్చారనుకున్నాడు. కారడం లేదని రుజువు చేయడానికి వాచ్‌మన్‌ను పిలిచాడు. వాచ్‌మన్ ముందు జాగ్రత్తగా ఆ వరుస గదులన్నిటికీ నీళ్లు బంద్ చేశాడు. ఎనిమిదో అంతస్తులో గడ్డం గీసుకుంటున్న ఈజిప్టు పెద్దాయన సబ్బు నురగతోనే పైకి వచ్చాడు. నీళ్లెందుకు ఆగాయని అడిగితే, పైకప్పు సంగతి మాట్లాడుతున్నారని ఎవరో చెప్పారు. కప్పు కూలుతోందనుకుని ఆయన భార్యను, పిల్లి బుట్టను కూడా తెచ్చుకున్నాడు. అందరూ టీచరమ్మ గదిలో చేరారు. ఆమె కుర్చీలో కూర్చుని కళ్లు మూసుకుంది.

"ఏమైతుంది జియా?" అని మెదక్ నుంచి గాబ్రియేలు అరిచాడు.

"నీ హద్దుదార్లు వచ్చిండ్రన్నా. పిల్లితోని సహా!"

ఆ సందడికి ఉత్తరం గోడ అవతలి నర్సమ్మ కూడా వచ్చింది. వెంట ఆమె అత్త, ఇద్దరు పిల్లలు. కప్పు కూలుతుందా అని అందరూ ఒకేసారి అడుగుతున్నారు. గాబ్రియేలుకు పౌరుషం వచ్చింది.

"కూలుడా! ఫోన్ కిందికి తిప్పు తమ్మీ. ఆ మూల చూడు, ఆ టైల్ బిళ్ల నేనే కోసి పెట్టిన. కట్టేటప్పుడు నేను కండ్లార చూసిన. గా అంతస్తు మొత్తంల గింత మంచి గది లేదు. గోడకు చెమ్మ రాదు, ఎండకాలం సుత సల్లగుంటది. చెప్పు వాళ్లకు!"

జియా చెప్పాడు. ఈజిప్టు పెద్దాయన నేల మీద కాలితో కొట్టి చూసి తల ఊపాడు. నర్సమ్మ గోడకు చెయ్యి ఆనించి చూసింది.

"ఇగ ఆమెను అడుగు" అని ఇంద్రకరణ్ పురమాయించాడు. "ఈ గది అమ్ముతుండ్రు, మీకు గావాల్నా, వద్దా? వద్దంటేనే మావాడు కొంటడని చెప్పు. పద్ధతిగ చెప్పు."

జియా పద్ధతిగానే చెప్పాడు.

నర్సమ్మ తన అత్త వైపు చూసింది. ఒకే గదిలో ఐదుగురు ఉంటున్నవాళ్ల చూపు అది. పెద్ద పిల్ల అప్పటికే కిటికీ దగ్గరికి పోయి సముద్రం చూస్తోంది.

"బయానా పంపు" అంది నవోమి మెల్లగా. "ఇప్పుడే పంపు."

"ఆగు చెల్లె, జవాబు రానీ" అన్నాడు ఇంద్రకరణ్.

జవాబు వచ్చింది. నర్సమ్మ ఫోన్ ముందుకు వచ్చి, గాబ్రియేలుకు రెండు చేతులూ జోడించి దండం పెట్టింది. ఇంత నిజాయితీగా చెప్పి, ముందు తమనే అడిగినవాళ్లను తానెక్కడా చూడలేదంది. డ్యూటీలో ఉన్న భర్తకు అక్కడినుంచే ఫోన్ చేసింది. టీచరమ్మ కళ్లు తెరిచింది. ఏ దిక్కునూ అడగని మనిషి ఒకరు దొరికినందుకు ఆమె మొహంలో మొదటిసారి నవ్వు కనబడింది. మధ్యాహ్నానికి వాళ్ల బేరం అయిపోయింది.

ఇంద్రకరణ్ చెప్పులు వేసుకున్నాడు. "ఏదేమైనా పద్ధతి ప్రకారం జరిగింది" అని చేగుంటలో ఏదో పని గుర్తొచ్చి వెళ్లిపోయాడు.

గాబ్రియేలు ఆ రోజు దుకాణం తెరవలేదు. నవోమి అన్నం పెట్టింది. ఆమె ఏదైనా అని ఉంటే బాగుండేదని అతనికి అనిపించింది. టేక్మాల్ పొలం కొన్నవాళ్లు అప్పటికే అక్కడ బోరు వేయిస్తున్నారని వాళ్లిద్దరికీ తెలుసు.

వారం తర్వాత జియా ఫోన్ చేశాడు. చెప్పలేక చెప్పలేక చెప్పాడు.

"అన్నా, నర్సమ్మోళ్లు నడుమ గోడ తీసేస్తుండ్రు. తీసిన కాడ నేల ఎక్కువ తక్కువ ఉన్నదట. మొదలు పరిచినాయనే వచ్చి కలిపితే మంచిగుంటదని అడుగుతుండ్రు. టికెట్ వాళ్లే పంపుతరట."



"ఆ రంగు బిళ్లలు ఇప్పుడు చేస్తలేరు" అన్నాడు గాబ్రియేలు. "ఎవరు కలిపినా అతుకు కనవడ్తది. నేను రాను అని చెప్పు."

"మంచిదన్నా, చెప్త."

"ఆగు. ముందు తలుపులకెళ్లే రానిస్తరా?"

"ఎందుకు రానియ్యరన్నా? వాళ్ల చుట్టమని చెప్తరు."

మర్నాడు నవోమి లేచేసరికి పాస్‌పోర్టు బల్ల మీద ఉంది, దాని పక్కన బిళ్లలు తట్టి పరిచే రబ్బరు సుత్తి కడిగి ఆరబెట్టి ఉంది.