సీసా పాసయింది

"మన కౌంటీలో పరీక్ష పాసు కాకుండా ఒక్క చుక్క డ్రిల్లింగ్ బురద కూడా నేల మీద పడదు" అని మా కౌంటీ అధ్యక్షుడు లోర్న్ పసేకా గారు కమ్యూనిటీ హాల్లో ప్రకటించినప్పుడు అందరికన్నా ముందు చప్పట్లు కొట్టింది నేనే. ఆయన అసలు విషయానికి ఇంకా రాలేదని తర్వాత తెలిసింది. ఆ బురద పడబోయేది నా గడ్డి పొలంలో.

మా ఆల్బర్టాలో చమురు బావి తవ్వితే బురద కూడా బోలెడు వస్తుంది. దాన్ని ట్యాంకర్లతో తెచ్చి పొలాల్లో పల్చగా చల్లేస్తారు. కొత్త బావి బురదకి నా పొలం అన్ని విధాలా అనువైనదని నిపుణులు తేల్చారు. అన్ని విధాలా అంటే, రోడ్డు పక్కనే ఉంది. ఇక నా సంతకం ఒక్కటే తక్కువ.

మా ఆవిడ ఓల్గాకి ఇది నచ్చలేదు.

"ఏమయ్యా మెట్రో, చలికాలమంతా మన ఆవులు తినేది ఆ గడ్డే. అది కాస్తా పోతే వాటికి నీ చప్పట్లు మేపుతావా?"

"పరీక్ష ఉంది కదా."

"పరీక్షంటే ఏంటో నీకు తెలుసా?"

"నాకు తెలీదు. లోర్న్ గారికి తెలుసు."

ఆ మాటతో గెలిచాననుకున్నాను. మర్నాడే వెళ్ళి ఆయన్ని అడిగాను.

"లాబ్‌లో వెలుగుతుండే సూక్ష్మజీవులు ఉంటాయి మెట్రో. వాటిని మన బురదలో వేస్తారు. వెలుగుతూనే ఉంటే పాసు. ఆరిపోతే ఫెయిలు" అన్నారాయన.

"ఆరిపోతే పాపం వాటి గతేంటి?"

"వాటికి ఓట్లు లేవులే."

ఇంత లోతుగా ఆలోచించే నాయకుడు పక్క కౌంటీలో లేడు. అంతలోనే చమురు కంపెనీ టెక్నీషియన్ కెండ్రా ముఖం వేలాడేసుకుని వచ్చింది.

"అన్నీ ఆరిపోయాయి సార్."

"పాత సరుకేమో?" అన్నారు లోర్న్ గారు.

"నిన్ననే తెప్పించాం."

లోర్న్ గారు కంగారు పడే మనిషి కాదు. "సీసాలో బొగ్గుపొడి వేసి, వడకట్టి మళ్ళీ చూడమ్మా. నిబంధనల్లో ఉంది" అన్నారు. బొగ్గు విషాన్ని పీల్చేస్తుందట. రెండోసారి సూక్ష్మజీవులు దీపావళి చేసుకున్నాయి.

నాకు ప్రాణం లేచొచ్చింది. "అయితే ట్యాంకర్లలో కూడా బొగ్గుపొడి వేస్తారన్నమాట" అన్నాను. కెండ్రా లోర్న్ గారి వంక చూసింది. ఆయన నా భుజం మీద చెయ్యేశారు.

"మెట్రో, పరీక్షకి కూచున్నది ఎవరు?"

"సీసా."

"పాసయింది ఎవరు?"

"సీసాయే."

"మరి మధ్యలో ట్యాంకర్లని ఎందుకు ఇబ్బంది పెట్టడం?"

ఇంత చిన్న సంగతి నాకు తట్టనందుకు సిగ్గేసి వెంటనే సంతకం పెట్టేశాను.

ఆ సీసాని ఆగస్టులో కౌంటీ తిరునాళ్ళలో ప్రదర్శనకి పెట్టారు. 'నేల అభివృద్ధి' అని కొత్త విభాగం తెరిచారు. పోటీకి వచ్చింది ఒకే సీసా, న్యాయనిర్ణేత లోర్న్ గారి వదినగారు. మొదటి బహుమతి ఎర్ర రిబ్బను దానికే కట్టారు. పక్క బల్ల మీద ఓల్గా దోసకాయ ఊరగాయకి రెండో బహుమతి వచ్చింది.

ఓల్గా తేటనీళ్ళున్న ఆ సీసాని వెలుతురుకి ఎత్తి పట్టుకుని చాలాసేపు చూసింది. "బాగానే ఉంది. ఇందులో బురదేది?" అంది. ఊరగాయకి మొదటి బహుమతి రాలేదన్న ఉక్రోషమని సర్దిచెప్పుకున్నాను.

కోతలు అయ్యాక ట్యాంకర్లు వచ్చాయి. లోర్న్ గారు ఉపన్యసించారు, అందరికీ సాసేజీలూ, పెరోగీలనే బంగాళాదుంప కుడుములూ పెట్టారు. బురద నల్లగా, చిక్కగా పొలమంతా పరుచుకుంది. కెండ్రా ప్లేటు ముట్టకుండా నా పక్కకొచ్చి, "ఆవుల్ని కొన్నాళ్ళు ఇటు రానీకండి" అని మెల్లిగా చెప్పింది.

"అదేంటమ్మా, పాసయిందిగా?"

"అయింది" అని చెప్పి వెళ్ళి వ్యానెక్కింది.

మంచు కరిగాక అందరి పొలాలూ పచ్చబడ్డాయి. నాది తెల్లబడింది. పైన ఉప్పులా పొర కట్టింది, అక్కడక్కడా పచ్చగా మొలిచింది కూడా వారంలో మాడిపోయింది. ఆవులు వాసన చూసి వెనక్కి తిరిగాయి. వాటికి నిబంధనలు తెలియవు. ఓల్గా నాతో మాట్లాడటం మానేసింది. అప్పుడు నాకు నిజంగా భయమేసింది. పాత కాఫీ డబ్బాలో ఇంత మట్టి ఎత్తుకుని, ఎక్కడిదో చెప్పకుండా అదే లాబ్‌లో ఇచ్చొచ్చాను.

లాబ్ అమ్మాయి ఫోన్ చేసింది. "సార్, మీరిచ్చిన పదార్థం ఫెయిలైంది. దీన్ని ఏ పొలంలోనూ చల్లడానికి వీల్లేదు."

"అది పదార్థం కాదమ్మా. పొలం."

అవతల కాగితాలు తిప్పిన చప్పుడైంది. తర్వాత, "రిపోర్టు ఏ పేరు మీద రాయమంటారు?" అని అడిగింది.

ఆ రిపోర్టు పట్టుకుని లోర్న్ గారి దగ్గరికి పరిగెత్తాను. చదువుతుంటే ఆయన ముఖం వెలిగిపోయింది.

"చూశావా మెట్రో, మన పరీక్ష ఎంత గట్టిదో. సొంత పొలమని కూడా చూడలేదు. నీకు మాటిస్తున్నాను, ఈ మట్టిని మన కౌంటీలో ఒక్క ఎకరంలో కూడా చల్లనివ్వను."

ఇంటికొచ్చేసరికి ఓల్గా ఆవుల్ని వేలానికి పంపడానికి లారీ పిలిపించి ఉంది. శుభవార్త కదా, ఆగలేక చెప్పేశాను.

"లోర్న్ గారు మాటిచ్చారు. మన మట్టిని ఎక్కడా చల్లనివ్వరట."

ఓల్గా నా వైపు తిరగలేదు. "గేటు తియ్యి" అంది.

తీశాను. ఆవులు ఒక్కొక్కటే లారీ ఎక్కాయి.