ఉత్తరారణ్యం చుక్కమ్మ

ఒక పెద్ద అడవిలో సినిమాలు తీసేవాళ్ళు. జంతువులు సినిమాలెలా తీస్తాయని అడగొద్దు. చూసిన జంతువులే అడగలేదు, వినే మనకెందుకు? పొద్దు గూకగానే వాగవతల నున్నటి బండ మీద బొమ్మ పడేది. అడవంతా ఇవతలి ఇసుకలో కూర్చుని చూసేది.

ఆ వాగు పక్కనే చుక్కమ్మ అనే దుప్పి పిల్ల ఉండేది. ఒంటి నిండా చుక్కలు, నోటి నిండా మాటలు. అమ్మమ్మ పెంచిన పిల్ల. అమ్మమ్మకు కళ్ళు పొరలు కమ్మి చాలా కాలమైంది. మనవరాల్ని గొంతును బట్టే పోల్చుకునేది.

"నాకు బొమ్మ ఎలాగూ కనపడదే" అనేది అమ్మమ్మ. "ఏదో ఒకనాడు ఆ బండ మీంచి నీ గొంతు వినిపించు, చాలు."

చుక్కమ్మకు అంతకన్నా పెద్ద కోరిక లేదు. ఒకరోజు ధైర్యం చేసి, నిర్మాత ఎలుగుబంటి ఏకాంబరంగారి దగ్గరికి వెళ్ళింది. పెద్ద పెద్ద డైలాగులు గుక్క తిప్పుకోకుండా చెప్పింది. చెట్టుకు తలకిందులుగా వేలాడుతున్న డైరెక్టరు గబ్బిలానికి కన్నీళ్ళు ఆగలేదు. అవి నుదుటి మీదుగా కారి నేల మీద పడ్డాయి.

"బాగా చేశావమ్మా" అన్నారు ఏకాంబరంగారు. "ఏ ఊరు మీది?"

"ఇక్కడేనండి. వాగు పక్కన."

"అయ్యో" అన్నారాయన, ఎవరో పోయిన కబురు విన్నట్టు. "మన పిల్లవేనా? సరేలే, చెల్లెలి వేషముంటే కబురు చేస్తాను."

ఆ ఏడాది ఏ సినిమాలోనూ ఎవరికీ చెల్లెలు లేదు.

చుక్కమ్మ తల వేలాడేసుకుని తిరిగొస్తుంటే దారిలో జంబుకం ఎదురయ్యాడు. పేరుకు మేనేజరు, జాతికి నక్క.

"పిచ్చిపిల్లా, రోజూ రేవులో ఊరికే కనపడే మొహాన్ని బండ మీద ఎవరు చూస్తారే?" అన్నాడు. "పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదు. ముందు నీకొచ్చిన భాష మర్చిపో. మిగతాది నేను చూసుకుంటాను."

నెల తిరిగేసరికి చుక్కమ్మ కాస్తా హిరణిక అయింది. సొంతూరు మూడు నదులవతల ఉత్తరారణ్యం. పేరు మార్చుకోవడానికి పూటే పట్టింది గానీ, పుట్టుకతో వచ్చిన భాషను తప్పుగా పలకడానికే మిగతా నెలంతా పట్టింది. నోట్లోంచి 'ళ' వచ్చిందంటే జంబుకం చెవి మెలిపెట్టేవాడు.

"'కల్లు' అను. 'కళ్ళు' అన్నావో, మళ్ళీ రేవుకే పోతావు."

అదే ఏకాంబరంగారు, అదే చెట్టు, అవే చుక్కలు. ఈసారి ఆయన లేచి నిలబడ్డారు. "ఆహా, ఆ కళ చూశారా? మన వైపు ఇలాంటి మొహాలెక్కడున్నాయండీ?" అన్నారు. వేషం ఖాయమైంది.

చుక్కమ్మకు ఆనందం ఆగలేదు. రాత్రింబగళ్ళు కూర్చుని డైలాగులన్నీ కంఠతా పట్టింది. షూటింగు మొదటిరోజు నోరు తెరవబోతుంటే గబ్బిలం ఆపాడు.

"నీకెందుకమ్మా ఆ శ్రమ? ఒకటి, రెండు, మూడు అనుకుంటూ పెదాలు కదిపితే చాలు. తర్వాత కోయిల గొంతు పెడుతుంది."

కాదంటే భాష వచ్చని తెలిసిపోతుంది. చుక్కమ్మ అంకెలు లెక్కపెట్టింది. ప్రేమకు పాతిక, అలకకు అరవై. ఎడబాటు సీనులో నూట పన్నెండు దాకా వెళ్ళింది. కథానాయకుడు సింహం, జూలుకు రంగేసుకుని మూడు తరాల లేళ్ళతో ఆడిపాడినవాడు, "నలభై ఆరు దగ్గర నాకు గుండె తరుక్కుపోయిందండీ" అన్నాడు.

పాటల వేడుకలో చుక్కమ్మ చేత నాలుగు ముక్కలు మాట్లాడించారు.

"అందర్కీ నమస్కారమ్. మీరు అంటే నాకు చాలా ఇస్టమ్. మీ అందరి కల్లు చాలా బావున్నాయ్."

అడవి ఊగిపోయింది. "పాపం, మన భాష ఎంత కష్టపడి నేర్చుకుందో" అని ముందు వరుసలో ఒక అడవిపంది కళ్ళొత్తుకుంది.

సినిమా విడుదలైన సాయంత్రం అమ్మమ్మ అందరికన్నా ముందొచ్చి ఇసుకలో కూర్చుంది. చెవులు రిక్కించి చివరిదాకా వింది. ఇంటికెళ్ళే దారిలో మెల్లగా అడిగింది.

"బాగానే ఉంది గానీ, నువ్వెప్పుడొచ్చావే? ఎవరో పిల్ల ఒకటే మాట్లాడింది. నీ వంతు వచ్చేసరికి నాకు గానీ కునుకు పట్టిందా?"

చుక్కమ్మకు ఏడుపు తన్నుకొచ్చింది. "అవునమ్మమ్మా, కునుకు పట్టింది" అంది.

రెండో సినిమాకు కూడా అంకెలే లెక్కపెట్టింది. కానీ గొంతు పెట్టే రోజు దగ్గరపడగానే కోయిల కనకరత్నం గూటికి వెళ్ళి, ఉన్నదంతా చెప్పేసింది.

"ముప్ఫై ఏళ్ళుగా అందరి నోళ్ళలోనూ నేనే ఉన్నాను. మా ఇంట్లోవాళ్ళకే తెలీదు" అంది కోయిల. "వెళ్ళి తెర వెనక నా చోట నిలబడు. నాకు గొంతు పట్టేసిందనీ, తెలిసిన పిల్లను పంపాననీ కబురు చేస్తాను."

ఏకాంబరంగారు తెర ఇవతల కూర్చుని విని, బాగుందన్నారు. గొంతు పెట్టేవాళ్ళ మొహం చూసే అలవాటు ఆయనకు లేదు.

రెండో సినిమా బొమ్మ పడింది. నాయిక సింహం వైపు తిరిగి, "నీ కళ్ళెదుట నిలబడటానికి ఎన్నాళ్ళు పట్టిందో" అంది.

అమ్మమ్మ లేచి నిలబడింది.

"అది మా చుక్కే. వాగు పక్క చుక్కమ్మ. నా మనవరాలు."

బొమ్మ ఆగిపోయింది. అడవంతా గుసగుసలు. వేషమడగొచ్చిన వాగు పక్క పిల్ల గుర్తొచ్చి ఏకాంబరంగారి మొహం మాడిపోయింది. "మోసం" అన్నారు. "భాష వచ్చినదాన్ని తెచ్చి మనకు అంటగట్టారు." జంబుకం కోసం చూస్తే, అతను అప్పటికే పొదల్లోకి జారుకున్నాడు.

అక్కడికక్కడే సినీ మండలి కూర్చుంది. ఏకాంబరంగారు చుక్కమ్మను పక్కకు పిలిచి గొంతు తగ్గించారు. "అడిగిన మాట తప్పుగా పలుకు చాలు. ముసలమ్మకు మతి చలించిందని నేను సర్దేస్తాను. వచ్చే మూడు సినిమాలూ నీవే."

"ఏదమ్మా, 'కళ్ళు' అను" అన్నాడు గబ్బిలం, అందరికీ వినపడేలా.

చుక్కమ్మ ఇసుకలోకి చూసింది. అమ్మమ్మ ఒక్కతే అటువైపు చెవి పెట్టి నిలబడి ఉంది. చుట్టూ ఉన్నవాళ్ళు అప్పుడే పిచ్చిదాన్ని చూసినట్టు చూస్తున్నారు.

"అమ్మమ్మా" అంది చుక్కమ్మ. "నీకు కళ్ళు లేకపోయినా నేను కనపడ్డాను. నేనేనే."

ఆ 'ళ్ళ' వెళ్ళి బండకు తగిలి మళ్ళీ వినపడింది.

మండలి తీర్పు చెప్పడానికి ఎంతోసేపు పట్టలేదు. ఇక్కడి పిల్ల, పైగా ఒత్తులు కూడా పలుకుతోంది. ఇక బండ మీద ఆ మొహం కనపడకూడదన్నారు.

ఏకాంబరంగారు ఈసారి తానే మూడు నదులు దాటి, అచ్చమైన ఉత్తరారణ్యపు లేడిని తెచ్చుకున్నారు. కోయిలకు నిజంగానే గొంతు పోయింది. తెర వెనక పదిమంది చేత చదివించి, అందులో ఒక గొంతును ఏరుకున్నారాయన. మొహం చూడలేదు.

ఆ సినిమా విడుదలైన సాయంత్రం అమ్మమ్మ ముందు వరుసలో కూర్చుని పక్కవాళ్ళను పొడిచి పొడిచి చెప్పింది. "ఇదే మా చుక్క. ఎంత ముచ్చటగా ఉందో చూడండి."

వాళ్ళు బండ మీద లేడిని చూసి, నిజమే, ముచ్చటగా ఉందన్నారు. లేడి పెదాలు తొంభై దాటి వందకు దగ్గర పడుతున్నాయి. అమ్మమ్మను ఆనుకుని కూర్చున్న చుక్కమ్మ తన మాటలు తనే వింటూ ఉంది.

"ఉత్తరాది పిల్లయినా 'ళ' ఎంత చక్కగా పలుకుతోందో" అని అడవిపంది మళ్ళీ కళ్ళొత్తుకుంది.

నీతి: మాతృభాష అంటే అందరికీ ప్రాణమే, అది రానివాళ్ళ నోట వింటే.