షుగర్ శిబిరం

ఆ ఉదయం కోటేష్ పెట్టుకున్న పని ఒక్కటే. మిరప కల్లాల దగ్గర వేసిన వైద్య శిబిరంలో గుట్టుగా హెచ్‌ఐవీ పరీక్ష చేయించుకోవాలి. పోయినేడు మిర్చి లారీ మీద క్లీనరుగా నాగపూర్ వెళ్తూ తోటి క్లీనరుతో కలిసి ఒక ఇంటికి వెళ్ళాడు. ఇప్పుడు ఆ క్లీనరుకు జబ్బు బయటపడింది. వచ్చే నెలలో చెంచయ్య కూతురు రచనతో కోటేష్ పెళ్ళి. తేల్చుకోకుండా ఆ పిల్ల మెడలో తాళి కట్టడానికి అతనికి మనసొప్పలేదు.

శిబిరం పెట్టింది కల్లాల్లో పనిచేసే కుర్రాళ్ళ కోసమే. కానీ రిటైరైన హెడ్మాస్టరు రామచంద్రమూర్తి ముందురోజే శిబిరం నడిపే హెచ్‌ఐవీ కౌన్సెలర్ అఖిలను కేకలేశాడు.

"ఆ మాట బ్యానర్ మీద రాస్తే మా ఊరి పిల్లల్ని ఎవరు చేసుకుంటారమ్మా? షుగర్ శిబిరం అని రాయండి. అదీ చూడండి."

"మరి కుర్రాళ్ళకి తెలియొద్దాండీ?"

"లోపలికొచ్చినవాళ్ళకి చెవిలో చెప్పుకోండి."

అలాగే రాశారు. షుగర్ అనగానే ఊళ్ళో పెద్దలంతా దిగారు. పెద్దలు నిలబడ్డ వరుసలో కుర్రాళ్ళు ముందుకు రాకూడదు. రామచంద్రమూర్తి కొబ్బరికాయ కొట్టి మొదటి కుర్చీలో కూర్చున్నాడు. వేలు గుచ్చించుకున్నవాళ్ళు ఇంటికెళ్ళి, ఇడ్లీలు తిని, మళ్ళీ గుచ్చించుకోడానికి వచ్చారు. ఎండెక్కింది. కుర్రాళ్ళు విసుగెత్తి తొడిమలు తీసే పనికి పోయారు. శిబిరం వాళ్ళు తమ వ్యాను ఇక అద్దంకి వెళ్ళిపోవాలన్నారు.

కోటేష్ ఉండబట్టలేక అరిచాడు. "మేడమ్, నాది అర్జెంటండీ! నన్ను ముందు చూడండి!"

వరుసలో ఉన్న చెంచయ్య వెనక్కి తిరిగాడు. "ఏరా, ఈ వయసులో నీకు షుగరేంట్రా?"

"ఊరికే చూపించుకుందామని, మామా."

"ఊరికే అయితే ఆ చెమటలేంటి?"

"చిన్నప్పుడు కూడా చెంబులకి చెంబులు నీళ్ళు తాగేవాడు పాపం," అంది వెనకనున్న ముసలమ్మ. వ్యాను కదిలేసరికి ఊరి నోళ్ళలో కోటేష్ రోజూ ఇన్సులిన్ పొడుచుకుంటున్నాడు. అతని రక్తం మాత్రం ఎవరూ చూడలేదు.

సాయంత్రం చెంచయ్య కోటేష్ తల్లి గురవమ్మ గుమ్మంలో నిలబడ్డాడు. "జబ్బు దాచి నా కూతురి గొంతు కోద్దామనుకున్నావా వదినా?"

"నాకే తెలీదన్నయ్యా!"

మర్నాడు కోటేష్ గుంటూరు వెళ్ళి రెండు పరీక్షలూ చేయించుకున్నాడు. హెచ్‌ఐవీ లేదు. షుగరూ లేదు. బస్సులో ఒక్కడే ఏడ్చాడు. దిగగానే చెంచయ్య దగ్గరికి పరుగెత్తి షుగర్ లేదని చెప్పాడు.

"మందులేసుకుంటే అట్టాగే వస్తది."

"ఏ మందులూ లేవు మామా!"

"మరి ఆ రోజు అర్జెంటేంట్రా?"

కోటేష్ నోరు తెరిచాడు. నిజం చెబితే పిల్లనివ్వకపోవడమే కాదు, తల్లిని కుళాయి దగ్గర బిందె కూడా పెట్టనివ్వరు. "ఊరికే, మామా," అన్నాడు.

నెల తిరక్కుండా రచనకు వినుకొండ సంబంధం కుదిరింది. ఈసారి మోసపోకూడదని చెంచయ్య పెళ్ళికొడుకును స్వయంగా ల్యాబుకు తీసుకెళ్ళి, షుగర్ ఒక్కటే చూపించి, నిశ్చింతగా తాంబూలాలు పుచ్చుకున్నాడు.